నీడలో ఆరెయ్యి

వినికిడి పరీక్షల గది,
మధ్యాహ్నం, వాన

పిన్నీ,

ఇకమీదట ఫోన్ చెయ్యొద్దు, ఏదున్నా ఉత్తరం రాయమన్నావు. ఫోన్‌లో అయితే బాధ చెప్పేలోపే నేను నవ్వేస్తానని, కాగితం మీద ఆ తప్పించుకోవడం కుదరదని అన్నావు. నిజమే అనిపించి కాగితాలు కొన్నాను. కాన్వెంటులో ఉత్తరాలు రాయడం నేర్పినప్పుడు మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే. నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను. అది రాసి కొట్టేశాను. నేను క్షేమంగా లేను. జబ్బేం కాదు. అలసిపోయాను.

యాప్‌లో పరిచయమైనవాళ్ళని కలవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. మొదట్లో భయంగా ఉన్నా బాగుండేది. ఇప్పుడు ప్రతి ఆదివారం అదే నీలం డ్రెస్సు వేసుకుని, అదే కాఫీ షాపులో, అదే కిటికీ పక్కన కూర్చుంటాను. ఏం చదువుతారు, ఎక్కడెక్కడ తిరిగారు, వంట వచ్చా. జవాబులు నాకు కంఠతా వచ్చేశాయి. ఎక్కడ నవ్వాలో కూడా ముందే తెలుసు. ఇంటికొచ్చాక చెప్పులు విప్పే ఓపిక ఉండదు. అలాగే మంచం మీద కూర్చుని, మెసేజ్ వచ్చిందేమోనని చూస్తాను. వస్తే నీరసం. రాకపోతే ఏడుపు.

మొన్న ఒక పని చేశాను. నవ్వుకో, నాకు కనపడదు. ఎదురుగా ఒకాయన కాఫీలో చక్కెర కలుపుకుంటున్నారు. మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం భరించలేక, "మీ చెల్లెలి ఆపరేషన్ ఎలా జరిగిందండీ?" అని అడిగాను. ఆయన స్పూను ఆపేశారు. "నాకు చెల్లెలు లేదండి" అన్నారు. చెల్లెలున్నది అంతకు ముందు వారం కలిసిన ఆయనకి. ఏదో ఒకటి అనాలి కదా, "పర్వాలేదండి" అన్నాను. చెల్లెలు లేనందుకు ఆయన్ని ఓదార్చాను పిన్నీ.

ఆయన మళ్ళీ రాయలేదు. అంతకు ముందాయన రెండుసార్లు కలిసి మానేశారు. ఇంకొకాయనకి నేను మరీ నెమ్మది అనిపించానట. నాలో ఏం తక్కువైందో చెబితే సరిచేసుకుందును.

ఇక్కడ పని మాత్రం హాయిగా ఉంది. అద్దానికి అవతల, బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో, ఒక మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. ఇవతల నుంచి నేను సన్నటి శబ్దాలు పంపుతాను. వినపడితే వాళ్ళు చేతిలోని బటన్ నొక్కాలి. అంతే. ఎవరికి ఎవరు నచ్చారన్న గొడవ లేదు.

నీ పురుగు

*

ఈత కొలను ఆఫీసు,
క్లోరిన్ వాసనలోంచి

ఒసే పుస్తకాల పురుగూ,

నవ్వాను. పాఠం మధ్యలో గుర్తొచ్చి నవ్వాను. నీళ్ళంటే భయపడే ఒకావిడ తనని చూసే నవ్వాననుకుని అలిగి ఒడ్డెక్కింది. ఆవిణ్ణి మళ్ళీ దింపడానికి నా తాతలు దిగొచ్చారు.

నీకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఆ "పర్వాలేదు" ఒకటి. నీ గొడుగు ఎవరో పట్టుకుపోతే పర్వాలేదు. తడిసి జ్వరమొస్తే పర్వాలేదు. అంటే బాగున్నట్టా, బాగాలేనట్టా, నన్నొదిలెయ్యమన్నట్టా? మీ అమ్మా నేనూ ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం.

ఉత్తరం రెండోసారి చదివితే ఒకటి తట్టింది. ప్రతి మనిషి దగ్గరా, వాళ్ళకి నువ్వు నచ్చావో లేదో రాశావు. వాళ్ళలో నీకెవరు నచ్చారో ఒక్క ముక్క లేదు. రాయడం మర్చిపోయావా, చూసుకోవడమే మర్చిపోయావా?

ఈదుతూ ఈదుతూ పిక్క పట్టేసినవాళ్ళని నేను ఇంకాస్త గట్టిగా ఈదమనను. ఒడ్డుకు లాగి, కాలు చాపించి, తువ్వాలు కప్పి కూర్చోబెడతాను. "మేడమ్, ఇంకొక్క రౌండు" అంటారు. నోర్మూసుకుని కూర్చోమంటాను. నీకూ అదే. ఆ యాప్ తీసెయ్. ఎన్నాళ్ళని అడక్కు, అది పిక్కే చెబుతుంది.

అన్నట్టు, నాకో కుక్క వచ్చింది. కొలను మోటార్లు చూసే మాస్టారు ఉన్నాడు కదా, భార్య పోయినాయన. మొన్న మోటారు గదిలో పలకరిస్తే, "మా కుక్కను చూడ్డానికెవరూ లేరండి" అన్నాడు. పాపం అనిపించి, "దానికేం భాగ్యం, తెచ్చి వదిలెయ్యండి" అన్నాను. కాసేపు నన్ను వింతగా చూశాడు. మర్నాడు పొద్దున్నే కుక్కతో, దాని గిన్నెతో, దాని దుప్పటితో దిగాడు. అప్పగించేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత సున్నితమైన మనసో. ఆ కుక్క ఇప్పుడు నా చెప్పులు తింటోంది.

పిన్ని

*

నా గది, కిటికీ దగ్గర

పిన్నీ,

యాప్ తీసేశాను. చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. బస్సు కోసం నిలబడితే, పాలు పొంగే దాకా నిలబడితే, దానంతటదే ఫోన్ దగ్గరికి పోతోంది. అక్కడ ఏమీ లేదని చూసి తిరిగొస్తోంది. ఆదివారం చదువుతూ పడుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఏదో పరీక్ష రాయకుండా ఎగ్గొట్టినట్టు దడ.

కానీ తీసేసేలోపే పరిచయమైన ఒకాయన మిగిలారు. పళ్ళ డాక్టరు. మంచివారు. చెప్పిన టైముకి వస్తారు, నా మాటకు అడ్డు రారు, కాఫీ తాగాక నీళ్ళు పుక్కిలిస్తారు. మొన్న ఆయనే అన్నారు. "చూడండి, మీకూ నాకూ ఈ వెతుకులాట విసుగొచ్చింది. మనమేం దెబ్బలాడుకోలేదు కూడా. ఇక్కడితో ఆపేద్దామా?" ఆపేద్దామంటే విడిపోదామని అనుకుని పర్సు తీశాను. పెళ్ళి చేసుకుందామని ఆయన ఉద్దేశం. నెలాఖరులో వాళ్ళమ్మగారు వస్తున్నారు. ఆలోపు నా మాట చెప్పాలి.

అమ్మ అయితే, "ఇంకేం కావాలే నీకు? ఆకాశంలోంచి ఊడిపడాలా?" అంటోంది. నాకూ అలాగే ఉంది. ఆయన ఎలా ఉంటారని నువ్వు అడిగితే ఏమంటానో నీకు తెలుసు. ఆ "పర్వాలేదు" మాటే. కానీ సరే అంటే ఆదివారాలు నావైపోతాయి. నీలం డ్రెస్సు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. వెతకడం అయిపోతుంది పిన్నీ, అది చాలదూ?

ఉండబట్టలేక నిన్న నీ మాట కాదని ఫోన్ చేశాను. "సరే అనేస్తా పిన్నీ" అన్నాను. నువ్వు కాస్త ఆగి, "మంచిది, నీడలో ఆరెయ్యి. ఎండలో వేస్తే రంగు పోతుంది" అని పెట్టేశావు.

పొద్దుటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను. ఎంత బాగా చెప్పావు! తొందర వేడి తగలనివ్వొద్దని కదా? నలుగురి కళ్ళ ముందు వేలాడదీయొద్దని కదా? చీటీ మీద రాసి అద్దానికి అంటించుకున్నాను. అయితే ఒక్కటి అర్థం కాలేదు. ఆరాక కట్టుకోవాలా, మడతపెట్టి తిరిగిచ్చెయ్యాలా?

పురుగు

*

ఈత కొలను ఆఫీసు

పురుగూ,

నీడ గురించి నేనేదో అన్నాను, నువ్వేదో పట్టుకున్నావు. దాన్ని అద్దం మీంచి తీసెయ్. అంత పెద్ద మాటలు చెప్పే మనిషినా నేను?

పళ్ళ డాక్టర్ని ఒప్పుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఒక్కటే అడుగుతాను. "వెతకడం అయిపోతుంది" అని రాశావు. "ఆయనతో ఉంటాను" అని ఎక్కడా రాయలేదు. ఒడ్డు ఎక్కాలని ఉందా, ఆయన పడవ ఎక్కాలని ఉందా? రెండూ ఒకటి కావు.

ఇక్కడ మాస్టారు నన్ను భోజనానికి హోటల్‌కి పిలిచాడు. రానన్నాను. ఆ హోటళ్ళలో గిన్నెల మోత, పాటల మోత, నాకు తలనొప్పి. పైగా ఆయన మీసం పెదవుల మీదికి పడుతుంది, చూస్తూ ఉంటే చిరాకు. గొణుగుతూ మాట్లాడతాడు కూడా. ఈ మధ్య అందరూ గొణగడమే. నా దగ్గర నేర్చుకునే ఆడవాళ్ళయితే మరీను, నోట్లో అట్లకాడ పెట్టుకున్నట్టు మాట్లాడతారు.

మంచి మనిషే, కాదనను. పిలిచినప్పుడు చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. కానీ ఈ వయసులో ఇవన్నీ ఎందుకులే.

ఫోన్ చెయ్యకు. రాయి.

పిన్ని

*

వినికిడి పరీక్షల గది

పిన్నీ,

నీ ఉత్తరంలో మాస్టారి మీసం దగ్గర ఆగిపోయాను.

ఆయన పెదవులు కనపడకపోతే నీకెందుకు చిరాకు? హోటల్లో తలనొప్పి ఎందుకు? అందరూ ఒక్కసారిగా గొణగడం ఎందుకు మొదలుపెట్టారు? ఈ మాటలు నేను వారమంతా వింటాను. అద్దానికి అవతల కూర్చునే ముందు అందరూ ఇవే చెబుతారు, మా ఇంట్లోవాళ్ళకి సరిగ్గా మాట్లాడ్డం రాదమ్మా అని.

నేను "సరే అనేస్తా" అన్నాను. నీకు "చీరారేస్తా" అని వినపడింది. అంతే కదా?

ముందుగా జారిపోయేవి సన్నటి శబ్దాలే. "స" అలాంటిదే. అది పోతే మిగిలిన దాన్ని మనసు దానికి తోచినట్టు అల్లుకుంటుంది. నువ్వు చీర అల్లుకున్నావు. నేనేమో ఆ చీరను పట్టుకుని తత్వం అల్లుకున్నాను. చెవుల పని చేసి బతుకుతూ, ముక్కూమొహం తెలియనివాళ్ళ మాటలకి ఏడాది పాటు చెవి ఒగ్గి కూర్చున్నాను. నువ్వు ఫోన్ ఎందుకు వద్దంటున్నావో మాత్రం వినలేదు.

శనివారం పొద్దున నీకోసం టైము ఉంచాను. రా.

పురుగు

*

ఈత కొలను

నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. కొలనుకి అటు చివర్నుంచి ఈల వేస్తే వినపడుతుంది నాకు. నీకు పనిలో మనుషులు చాలక నన్ను పట్టుకున్నావు. నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని, నన్ను ఆ డబ్బాలో కూర్చోబెట్టి పరీక్షలు చేస్తావా? అవసరం లేదు. మీ అమ్మకు చెప్పావో, నీకూ నాకూ చెల్లు.

పిన్ని

ఏ బస్సు ఎక్కాలి?

*

వినికిడి పరీక్షల గది,
నువ్వు వెళ్ళాక కొన్నాళ్ళకి

పిన్నీ,

బస్టాండులో మనం ఏమీ మాట్లాడుకోలేదు. చప్పుడు ఎక్కువగా ఉందని నేనే మాట్లాడలేదు. అద్దానికి ఇవతల నుంచి నాకు కనపడింది, నువ్వు చూడనిది, ఇప్పుడు రాస్తున్నాను.

మొదట పెద్ద శబ్దాలు పంపాను. నొక్కావు. తగ్గించుకుంటూ వచ్చాను. నొక్కుతూనే ఉన్నావు. నాకు అనుమానమొచ్చి ఏమీ పంపకుండా ఆగాను. అప్పుడూ నొక్కావు. నొక్కి, నావైపు చూసి నవ్వావు. టీచరు అడగని ప్రశ్నకి కూడా చెయ్యెత్తే పిల్లలు నవ్వే నవ్వు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు పిన్నీ. ఆదివారాలు, కిటికీ పక్కన, నీలం డ్రెస్సులో నేను నవ్వేది అదే.

మైకు దగ్గరికి వంగి, "వినపడకపోతే నొక్కకు పిన్నీ. ఇందులో పాసవడం లేదు. ఊరికే నొక్కితే నీ చెవికి సరిపడని మిషన్ వస్తుంది, జీవితాంతం దాంతో అవస్థ పడాలి" అన్నాను. రోజూ చెప్పే మాటలే. ఆ రోజు నా గొంతు నాకే వినపడింది. నువ్వు బటన్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నావు. తర్వాత చాలాసేపు నొక్కలేదు. నీ కళ్ళ పక్క తడి కనపడింది. నేనూ కాసేపు యంత్రం వైపే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పళ్ళ డాక్టరుగారిని కలిశాను. వద్దని చెప్పాను. ఆయన చేతిరుమాలు మడతలు పెట్టారు, విప్పారు, మళ్ళీ పెట్టారు.

"నాలో ఏం నచ్చలేదో చెబుతారా?"

"నచ్చనిదేం లేదండి. నచ్చింది కూడా ఏదీ వినపడలేదు. వినపడకుండానే నొక్కబోయాను."

"నొక్కడమేంటి?"

నా పని గురించి చెప్పాను. అన్నాళ్ళలో ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. శ్రద్ధగా విన్నారు. "అయితే నేనూ నొక్కేసినట్టున్నాను" అన్నారు. రుమాలు జేబులో పెట్టుకుంటూ, "మా అమ్మకేం చెప్పాలో ఏంటో" అన్నారు. అంత నిజంగా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. ఆ మాటకి కొంచెం ఇష్టం కలిగింది కూడా. అప్పటికి లేచి నిలబడ్డాం.

ఇది తేలికగా జరిగిందని అనుకోకు. ఆయన మొహం చిన్నబోయింది. అమ్మ నాతో మాట్లాడటం లేదు, కంచం మాత్రం చప్పుడయ్యేలా పెడుతోంది. ఆదివారం వచ్చేసరికి, చేజేతులా పోగొట్టుకున్నానేమో అన్న భయం గుండె మీద ఎక్కి కూర్చుంటుంది. కానీ అలసట తగ్గింది. మొన్న ఇంటికి రాగానే చెప్పులు విప్పాను. విప్పాక గానీ గమనించలేదు.

మిషన్ పెట్టుకుంటున్నావా? డ్రాయర్‌లో పడేశావా?

పురుగు

*

మా ఇల్లు, వరండా

పురుగూ,

పెట్టుకున్నాను. మొదటి రోజు పీకి అవతల పారేద్దామనుకున్నాను. కుళాయి అరుస్తోంది, కాగితం అరుస్తోంది, నా జుట్టు నా చెవి మీద అరుస్తోంది. రెండో రోజు వెనక నుంచి టకటకమని చప్పుడొస్తే దొంగేమోనని చీపురు తీసుకున్నాను. కుక్క. దానికి గోళ్ళున్నాయనీ అవి నేల మీద చప్పుడు చేస్తాయనీ నాకిన్నాళ్ళూ తెలీదు. అది నిద్రలో మూలుగుతుంది కూడా. నా దగ్గర పడుకుని రోజూ మూలుగుతూనే ఉందన్నమాట.

దాంతో అనుమానమొచ్చి మాస్టారిని పట్టుకున్నాను. "ఆ రోజు మోటారు పక్కన మీరన్నదేంటి? అక్షరం పొల్లుపోకుండా చెప్పండి" అన్నాను. బిక్కమొహం వేశాడు. చివరికి చెప్పాడు.

"మా కుక్కను చూడ్డానికోసారి రండి" అన్నాడట.

నేనేమో తెచ్చి వదిలెయ్యమన్నాను!

"మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా, నేనన్నది అది కాదని!" అన్నాను. "మీరు అంత సంతోషంగా అడిగారు, కాదనలేకపోయానండి" అన్నాడు. ఇన్నాళ్ళూ కుక్క లేకుండా ఉన్నాడే ఆయన. ఖాళీ ఇంట్లో, దాని గొలుసు మేకుకి తగిలించుకుని. ఎందుకు? నేను బాధపడతానని. ఇదంతా ఎందుకు? "వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అనడానికి నాకు నామోషీ.

నీకు పెద్ద నీతులు చెప్పాను, పిక్కలనీ పడవలనీ. అవతల నేనే, ఎవరేమన్నా అవునా అంటూ, నిజమే అంటూ తలాడిస్తూ, చెమటలు కక్కుతూ తిరుగుతున్నాను. సాయంత్రమయ్యేసరికి ఎంత అలసటో. మనుషులంటేనే విసుగొచ్చిందనుకున్నాను. మనుషులంటే కాదు. ఆ తలాడించడం అంటే.

మాస్టారితో చెప్పాను, హోటల్ వద్దు, మీ ఇంటికే వస్తాను, కుక్కను చూడ్డానికి అని. "కుక్క మీ ఇంట్లోనే ఉంది కదండీ" అన్నాడు. ఇద్దరం కలిసి దాన్ని తీసుకెళ్ళాం. ఇప్పుడది అక్కడో వారం, ఇక్కడో వారం ఉంటోంది. మేము మాత్రం రోజూ మాట్లాడుకుంటున్నాం. మీసం కత్తిరించమని అడగలేదు. ఇప్పుడు దాంతో పనిలేదు.

నీ సంగతి రాయి. మళ్ళీ ఎవరినైనా కలుస్తున్నావా? ఎలా ఉన్నాడు? సరే అన్నావా?

అన్నట్టు, ఇక ఫోన్ చెయ్యొచ్చు. కానీ రాయి.

పిన్ని

*

పార్కు పక్క బస్టాపు,
సాయంత్రపు ఎండ

పిన్నీ,

యాప్ మళ్ళీ పెట్టుకున్నాను. చాలా రోజులు ఆలోచించే పెట్టుకున్నాను. ఇదివరకటిలా కాదు. ఒకరితో మాట్లాడుతుండగా ఇంకొకరితో మాట కలపను. అప్పుడు ఎవరి చెల్లెలు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఓపిక లేని వారం లేదనే చెబుతాను. ఆదివారాలు పుస్తకాలకి ఇచ్చేశాను. ఇంటికొచ్చాక మెసేజ్ వచ్చిందా అని కాక, ఆ గంట నాకెలా గడిచిందని అడుగుతున్నాను. జవాబు ఒక్కోసారి వెంటనే రాదు. రాకపోతే ఊరుకుంటున్నాను.

ఈ రోజు ఒకాయనతో పార్కులో నడిచాను. లిఫ్టులు బాగుచేస్తారు. నీలం డ్రెస్సు వేసుకోలేదు. మధ్యలో మాటలు ఆగిపోయాయి. నేను వాటిని లాక్కురాలేదు. ఆగనిచ్చాను. ఆయన ఏదో అన్నారు. సరిగ్గా అప్పుడే బస్సొకటి పోయింది. ఇదివరకైతే నవ్వేసి, అవునండీ అనేదాన్ని.

"వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాను.

ఆయన ఎర్రబడిపోయారు. "ఏం లేదండీ... మీ చెప్పు తెగింది. ఇందాకట్నుంచీ చెప్పాలనుకుంటున్నాను" అన్నారు.

నవ్వొచ్చింది పిన్నీ. అక్కడ నవ్వుతానని నాకు ముందు తెలీదు. చెప్పు చేతిలో పట్టుకుని బస్టాపు దాకా వచ్చాను. ఆయన తన చెప్పులు ఇస్తానన్నారు. వద్దన్నాను. ఆయనకి నచ్చాలని వద్దనలేదు, అవి మరీ పెద్దవి.

అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది నాతో. "ఎలా ఉన్నాడే?" అంది. ఆ పాత మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"ఇంకా తెలీదమ్మా" అన్నాను.

"తెలీదేంటే? గంటసేపు నడిచావుగా!"

"ఒక చెవే అయింది. రెండోది కూడా చూడాలి" అన్నాను. అమ్మకి అర్థం కాలేదు. నీకవుతుంది.

అద్దం మీద చీటీ నేను తీయలేదు. నువ్వు ఆ అర్థంతో చెప్పలేదని తెలిసినా తీయబుద్ధి కాలేదు. కాబట్టి నీ చివరి ప్రశ్నకు జవాబు: సరే అనలేదు. ఆరేశాను. నీడలోనే.

నీ పురుగు